మంద్ర షడ్జమం

ఆ ఏడు వానలకు చర్చి పైకప్పు ఒక మూల కూలిపోయింది. రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ చర్చి అది. ఇంగ్లీషు వాళ్ళు తమ ఆఫీసర్ల కోసం కట్టుకుని, దేశం విడిచి పోతూ వదిలేసిన చిన్న ఇటుక కట్టడం. ఇంజనీరు వచ్చి చూసి, ఇక లోపల ఎవరూ కూర్చోవద్దన్నాడు. సంఘంవాళ్ళు ఒక బట్టల దుకాణం మేడ మీద హాలు అద్దెకు తీసుకున్నారు. బెంచీలు, ప్రసంగ పీఠం, గోడ గడియారం అన్నీ పైకి ఎక్కాయి. ఆర్గన్ మాత్రం మెట్ల మలుపులో ఇరుక్కుంది. అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి చెమటలు కక్కుతూ మళ్ళీ కిందికి దించారు.

"పైన కీబోర్డు ఉంది కదండీ. దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం," అన్నాడు రాజేష్. కొన్నాళ్ళుగా కుర్రవాళ్ళ పాటలకు కీబోర్డు వాయించేది అతనే.

"ఎవరికో ఎందుకు నాయనా, మా ఇంటికి పంపించండి," అంది రూతమ్మ.

నలభై ఏళ్ళుగా ఆ ఆర్గన్ వాయించింది ఆమె ఒక్కతే. నరసాపురంలో మిషన్ బోర్డింగు బడిలో చదువుకునేటప్పుడు అక్కడి ముసలి దొరసాని ఆమెకు వాయించడం నేర్పింది. పెళ్ళయి రాయపూర్ వచ్చేసరికి ఈ చర్చిలో ఆర్గన్ మూతపడి ఉంది. దాని మీద పూలకుండీలు పెట్టుకునేవారు. కొత్తకోడలు రూతమ్మ కుండీలు దించి, మూత తీసి, కాళ్ళతో రెండు పెడల్సూ తొక్కి చూసింది. తిత్తి చిరిగిపోయి గాలి నిలవలేదు. తోలు తెప్పించి అతికించింది. లోపల స్వరం పలికే ఇత్తడి పలకలను, రీడ్లను, కొక్కెం తీగతో ఒక్కొక్కటే బయటికి లాగి, దుమ్ము తుడిచి, మళ్ళీ గూళ్ళలో కూర్చోబెట్టింది. ఆర్గన్ మొదటిసారి పలికిన రోజున కాలనీ ఆడవాళ్ళు వంటలు మధ్యలో వదిలేసి చర్చి వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

ఇంగ్లీషు పాటలైతే దొరసాని నేర్పినట్టే నాలుగేసి స్వరాలు కలిపి వాయించేది. తెలుగు కీర్తనలకు ఆ పద్ధతి నప్పలేదు. రాగం ఒక దారిన పోతుంటే ఆ స్వరాల గుంపు అడ్డం పడేది. అందుకని రూతమ్మ తనకు తానే ఒక పద్ధతి కల్పించుకుంది. అన్నిటికన్నా అడుగున ఉన్న షడ్జమాన్ని ఎడమ చేతి చిటికెన వేలితో నొక్కి, కీర్తన అయ్యేదాకా అలాగే పట్టి ఉంచేది. తంబురా లేని లోటు అది తీర్చేది. దాని మీద కుడి చేత్తో రాగం నడిపేది. ఆ మంద్ర స్వరం మొదలవగానే కూర్చున్న బెంచీలు సన్నగా అదిరేవి. పెళ్ళయినా, సమాధి కార్యక్రమమైనా రూతమ్మ గారి శ్రుతి ఉండాల్సిందేనని జనం అనుకునేవారు.

ఆ శ్రుతిని వినని మనిషి ఒక్కడే, ఆమె భర్త సామ్యూల్. గూడ్సు బండి డ్రైవరు. సెలవు దొరికిన ఆదివారం చర్చిదాకా వచ్చేవాడు గాని లోపల కూర్చునేవాడు కాదు. ఆరాధన ముగిసేవరకూ గేటు బయట తిరుగుతూ ఉండేవాడు. అడిగితే, "లోపల ఉక్కగా ఉంటదే," అనేవాడు. పెళ్ళయిన కొత్తలో ముందు బెంచీలో కూర్చుని ఆమె చేతుల వంకే చూసిన మనిషి. ఎప్పటి నుంచి బయటికి వెళ్ళిపోయాడో ఆమెకు సరిగ్గా గుర్తు లేదు. తన వాయింపంటే లెక్క లేదనుకుంది. ఆ చిన్న కోపం పాతబడి, కోపమని కూడా తెలియకుండా మనసులో ఉండిపోయింది.

ఇప్పుడు ఆయన మీద కోపం చూపించినా ఆయనకు అర్థం కాదు. రిటైరైన కొన్నేళ్ళకే సామ్యూల్‌కు మతిమరుపు పట్టుకుంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత దారులు, తర్వాత మనుషులు. రెండుసార్లు ఇల్లు వదిలి వెళ్ళి సందు చివర దొరికాడు. అందుకని దేవేంద్ర నగర్‌లోని వాళ్ళ రెండు గదుల ఇంటికి, వీధి తలుపు పైన ఆయన చూపు పోని చోట ఇంకో గడియ బిగించారు. కూతురు హెలెన్ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. తండ్రికి స్నానం, మందులు ఆమె చూసుకునేది. తిండి, కాపలా రూతమ్మవి.

ఆర్గన్ వచ్చి ముందు గదిలో సగం ఆక్రమించింది. డ్యూటీ నుంచి వచ్చిన హెలెన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మా, ఇక నాన్న మంచం ఎక్కడ వేస్తావు?"

"గోడవారగా జరుపుతాలేవే. మీ నాన్నకి పాటలు వినిపిస్తే మంచిదని మీ డాక్టర్ సాబే కదా చెప్పాడు."

"పాటలు అన్నాడు గాని, ఇంత సామాను ఎత్తుకు రమ్మన్లేదు," అంది హెలెన్. అంటూనే నవ్వింది.

ఆ సాయంత్రం సామ్యూల్‌ను పడక కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పాల గ్లాసు ఇచ్చి, రూతమ్మ ఆర్గన్ ముందు కూర్చుంది. ఇన్నేళ్ళకు ఆయన ఎదురుగా వాయించబోతున్నానని ఆమెకు సంబరంగా ఉంది. పెడల్స్ తొక్కి, చిటికెన వేలితో కింది షడ్జమం నొక్కింది. గది చిన్నది కావడంతో ఆ ధ్వని గోడలకు తగిలి రెట్టింపయింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి.

సామ్యూల్ లేచి నిలబడ్డాడు.

"తప్పుకో! అమ్మా, తప్పుకో! తల్లీ, ఇటు చూడవే!"

ఆయన అంత గట్టిగా అరవడం రూతమ్మ ఎప్పుడూ వినలేదు. ఏం జరుగుతోందో తెలిసేలోగా వచ్చి, ఆర్గన్ మెట్ల మీదున్న ఆమె చేతిని స్టీలు గ్లాసుతో కొట్టాడు. పాలు వాటి మీద ఒలికిపోయాయి. తర్వాత గది మూలకు పోయి, మోకాళ్ళలో తల దూర్చుకుని ఏడ్చాడు. హెలెన్ ఆయన వీపు నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

పక్కవాటాలో ఉండే వరహాలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త కూడా రైల్వేలోనే పని చేసి పోయాడు. వాళ్ళది శ్రీకాకుళం వైపు.

"ఓలమ్మ, ఏటైపోనాదమ్మా? బాబు అలగ కేకలేసినాడేటి? నా గుండె ఆగిపోనాదనుకో!"

"ఏమో వదినా. చప్పుడుకి భయపడ్డాడు," అంది రూతమ్మ, వాచిన వేళ్ళు కొంగులో దాచుకుంటూ.

మరో రోజు మెల్లగా వాయించి చూసింది. అదే అరుపు, అవే మాటలు. హెలెన్ గట్టిగానే చెప్పింది. "వద్దమ్మా. రాత్రంతా పరేషాన్ అవుతున్నాడు. నీ సరదా కోసం ఆయన్ని ఏడిపించకు." రూతమ్మ ఆర్గన్ మీద పాత దుప్పటి కప్పేసింది. ఇంట్లో శవపేటిక పెట్టుకున్నట్టుందని వరహాలమ్మ అంటే, అవునన్నట్టు తలూపింది.

చలికాలంలో ధనుంజయ్ చూడటానికి వచ్చాడు. ఒకప్పుడు సామ్యూల్ దగ్గర అసిస్టెంటుగా ఇంజనులో పని చేసినవాడు, ఆయన్ను గురువుగారనే పిలిచేవాడు. సామ్యూల్ అతన్ని గుర్తుపట్టలేదు. ధనుంజయ్ తెచ్చిన బత్తాయిలను ఒడిలో పెట్టుకుని, అలా చూస్తూ కూర్చున్నాడు. దుప్పటి కప్పిన ఆ సామాను ఏమిటని ధనుంజయ్ అడిగితే రూతమ్మ జరిగినదంతా చెప్పింది. తప్పుకో తల్లీ అని ఎవరిని పిలుస్తాడో తెలియడం లేదంది.

ధనుంజయ్ ఆ దుప్పటి వైపు, తర్వాత సామ్యూల్ వైపు చూశాడు.

"గురువుగారు మీకు చెప్పనేలేదాండీ?"

"ఏమిటి?"

"భాటాపారా వైపు నుంచి లోడుతో వస్తన్నామండి. అప్పుడే తెల్లారతంది. పట్టాల మధ్యన ఒక ముసలామె, నెత్తి మీద కట్టెల మోపు, అటు తిరిగి నడిసి పోతంది. గురువుగారు బ్రేకు ఏసి హారన్ మీద సెయ్యి పెట్టినారు. తియ్యలేదు. అంత బండి ఎక్కడాగుతాదండీ? దగ్గరికెళ్ళేదాకా హారన్ మోగుతానే ఉంది. ఆమె ఎనక్కి తిరిగి సూడలేదు. బహిరీ అట, సెవుడు. తరవాత ఆ ఊరోళ్ళు సెప్పినారు."

జారిన బత్తాయిని రూతమ్మ మళ్ళీ భర్త ఒడిలో పెట్టింది.

"ఎప్పుడు జరిగింది ఇది?"

"హెలెనమ్మ అప్పటికింకా బడికెళ్ళట్లేదండి. మరసటి ఆదివారం మీ చర్చికొచ్చి, మధ్యలో లేచి బయటికొచ్చేసినారట. నాతో అన్నారు: 'ఒరే, మా ఆవిడ ఆ కింది మెట్టు నొక్కితే నాకు హారనే వినిపిస్తందిరా. ఆవిడకి మాత్రం చెప్పమాక. వాయించడం మానేస్తది.' ఇయ్యాల్టిదాకా ఆ మాట నా దగ్గరే ఉండిపోనాదండి."

అతనికి టీ పెడదామని రూతమ్మ లేచింది. వంటగదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో గుర్తు రాక గోడ పట్టుకుని నిలబడింది. లోపల ఉక్కగా ఉంటదే అన్న మాట చెవిలో తిరుగుతోంది. అన్ని ఆదివారాలూ ఎండలో, వానలో గేటు బయట తిరిగిన మనిషి. ఆయనకు లెక్క లేదనుకుని తను మోసిన కోపం. ప్రతి కీర్తనకూ, ప్రతి చరణానికీ ఆ మెట్టును వదలకుండా నొక్కి పట్టింది తన వేలే.

హెలెన్‌కు ఆ సంగతి చెప్పింది గాని, ఎక్కువ మాటలు చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున్నే దుప్పటి తీసి, ఆర్గన్ ముందు పలక ఊడదీసి, కొక్కెం తీగ తీసుకుంది. కింది వరస రీడ్లన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి లాగేసింది. అవి బిగుసుకుని ఉన్నాయి. అడుగు షడ్జమం రీడు ఆమె అరచేతికన్నా పొడుగు. దాన్ని లాగేటప్పుడు ఆమె పళ్ళు గట్టిగా బిగించింది.

"నీ చేత్తో నువ్వే పాడు చేస్తున్నావా అమ్మా?" అంది హెలెన్.

"పాడేం కాదులే. మిగతావి పలుకుతాయి."

ఆ రోజు వాయించినప్పుడు ఎడమ వైపు మెట్లు నొక్కితే ఉత్త గాలి వచ్చింది. పైన రాగం ఒంటరిగా, సన్నగా నడిచింది. వినేవాళ్ళకు అందులో ఏదో లేదని తెలిసిపోయేది. కానీ సామ్యూల్ అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి విన్నాడు. కొన్ని రోజులకు రాగంతోపాటు గొంతులో సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. ఒకసారి, "బాగా వాయిస్తావమ్మా నువ్వు. మీది ఏ ఊరు?" అని అడిగాడు. రూతమ్మ నరసాపురమని చెప్పింది. "మా ఆవిడదీ అదే," అన్నాడు ఆయన. ఆ రాత్రి హెలెన్ దగ్గర ఆ మాట తలుచుకుని ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత హెలెన్ ఏడ్చింది.

వేసవి వచ్చింది. మే నెలలో రాయపూర్ వీధులు పొద్దున తొమ్మిదికే నిర్మానుష్యమవుతాయి. ఆయన్ను వదిలి వెళ్ళలేక రూతమ్మ ఆదివారాల్లో చర్చి మానేసింది. ఇంట్లోనే ఆర్గన్ ముందు కూర్చుని కీర్తనలు వాయించుకునేది.

ఆ ఆదివారం హెలెన్ పొద్దున డ్యూటీకి వెళ్ళింది. తర్వాత వరహాలమ్మ తోడు పెరుగు కోసం వచ్చి, పట్టుకెళ్ళింది. ఆమె వెనకే రూతమ్మ తలుపు వేసి కింది గడియ పెట్టింది. పై గడియ పెట్టడం మరిచిపోయింది.

కీర్తన రెండో చరణంలో ఉండగా ఆమె వెనక వీధి తలుపు చప్పుడైంది. వరహాలమ్మ మళ్ళీ వచ్చి తడుతోందనుకుంది. చరణం మధ్యలో ఆపకూడదని దొరసాని చిన్నప్పుడే నేర్పింది. పాడేవాళ్ళను నడిదారిలో వదిలేసినట్టు అవుతుందనేది. ఒకసారి పెళ్ళిలో పెళ్ళికూతురు సొమ్మసిల్లినా రూతమ్మ ఆపలేదు. ఆ రోజూ ఆపలేదు. ఆ చరణం పూర్తి చేసింది. ఆయన కూనిరాగం వినపడటం లేదని ఆమెకు అప్పుడే తెలిసినా, చేతులు అలవాటు కొద్దీ చివరి చరణంలోకి వెళ్ళిపోయాయి. అదీ అయ్యాక వెనక్కి తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. వీధి తలుపు తెరిచి ఉంది. బయట తెల్లటి ఎండ.

చెప్పులు లేకుండా సందు చివరిదాకా పరుగెత్తింది. వరహాలమ్మ వచ్చింది, కిరాణా కొట్టువాడు వచ్చాడు. హెలెన్ ఆసుపత్రి బట్టల్లోనే స్కూటీ మీద స్టేషనుకూ, యార్డుకూ, పాత చర్చికీ తిరిగింది. డ్రైవరు కాబట్టి పట్టాల వైపే వెళ్ళి ఉంటాడని అందరూ అటే వెతికారు. ఠాణాలో ఫొటో ఇచ్చారు. ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఊరికి దూరంగా సర్కారు ఆఫీసుల కోసం కొత్తగా కట్టిన నయా రాయపూర్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి వెడల్పాటి రోడ్డు పక్కన పడి ఉన్న ముసలాయన్ని ఊడ్చే ఆడమనిషి చూసి, నీళ్ళు చల్లి, ఆసుపత్రికి చేర్పించింది. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన ఒళ్ళు నిప్పులా కాలుతోంది. పెదవులు పగిలి నల్లబడ్డాయి. హెలెన్ చార్టు చూసి పక్కన పెట్టింది. తడిగుడ్డ తీసుకుని ఆయన కాళ్ళు తుడవడం మొదలుపెట్టింది. చీకటి పడకముందే సామ్యూల్ పోయాడు.

ఆయన్ను అక్కడికి తీసుకెళ్ళిన సిటీ బస్సు కండక్టరును పోలీసులు పిలిపించారు. అతను చేతులు కట్టుకుని, బెదురుతూ చెప్పాడు. ఆదివారం ఒక ముసలి బాబా ఎక్కి, డ్రైవరు పక్కనే నిలబడ్డాడట. ఎదురుగా మనిషి కనబడినప్పుడల్లా "హారన్ బజావో, భాయీ, హారన్ బజావో" అంటూ ఉన్నాడట. డ్రైవరు నవ్వి కొడుతూ ఉన్నాడట. ఆఖరి స్టాపులో దిగి, ఆఫీసుల వైపు నడిచిపోయాడట. ఎవరో చుట్టాలు అక్కడ ఉంటారని కండక్టరు అనుకున్నాడు. కానీ ఆదివారం ఆ ఆఫీసుల దగ్గర మనుషులెవరు ఉంటారు? ఆ రోడ్ల మీద మొక్కలింకా మోకాలెత్తు కూడా లేవు. నీడ కోసం ఆయన ఎంత దూరం నడిచాడో ఎవరికీ తెలియదు.

సమాధి కార్యక్రమానికి రాజేష్ కీబోర్డు తెచ్చాడు. రూతమ్మ మీద గౌరవంతో ఏదో బొత్తాం నొక్కి అచ్చం ఆర్గన్ ధ్వని పెట్టాడు, శ్రుతి కోసం కింది స్వరం పట్టాడు. మొదటి రొద వినగానే రూతమ్మ చెయ్యెత్తింది.

"అది వద్దు నాయనా. ఆయనకి పడదు. ఉత్త గొంతులతో పాడండి."

అలాగే పాడారు. ఎత్తుకున్న శ్రుతి ఎక్కువై, రెండో చరణానికే సగం మంది ఆగిపోయారు. మట్టి వేసేవరకూ మిగతావాళ్ళు పాటను లాక్కొచ్చారు.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం హెలెన్ తండ్రి బట్టలు మడతపెడుతూ అడిగింది.

"అమ్మా, ఆ రోజు తలుపు తీసిన చప్పుడు నీకు వినపడలేదా?"

లేదంటే సరిపోయేది. ఆర్గన్ చప్పుడులో వినపడలేదంటే ఎవరైనా నమ్ముతారు. వరహాలమ్మ అప్పటికే అందరికీ ఆ మాటే చెప్పింది.

"వినపడింది," అంది రూతమ్మ.

హెలెన్ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"వరహాలమ్మ వచ్చిందనుకున్నాను. చరణం అయ్యాక చూద్దామనుకున్నాను. ఆయన గొంతు వినపడటం లేదని తెలిసింది కూడా. అయినా ఇంకో చరణం వాయించాను."

"ఎందుకు?"

"ఎందుకో చెప్పలేను తల్లీ. చాలా రోజులకి చేతులు బాగా ఆడాయి."

హెలెన్ చొక్కా మడత పెట్టింది. పెట్టెలో సర్దింది. నెల తిరగకుండా ఆమె ఆసుపత్రి హాస్టల్లో గది తీసుకుంది. వెళ్ళేటప్పుడు తల్లి బీపీ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో వరహాలమ్మకు చెప్పింది. తల్లితో మాత్రం, "వస్తాను," అంది.

రూతమ్మ ఆ తర్వాత ఆర్గన్ ముందు కూర్చోలేదు. దుర్గ్ నుంచి ఉమేష్ అనే హార్మోనియం రిపేరు చేసే అతన్ని పిలిపించి తీసుకుపొమ్మంది. అతను మూత తీసి చూసి, మంచి ఇత్తడి, ఇలాంటివి ఇప్పుడు రావని మెచ్చుకున్నాడు. ఆటోలోకి ఎక్కించే ముందు, ఒక్కసారి వాయిస్తారా మాతాజీ అని అడిగాడు. ఆమె అక్కర్లేదంది. ఆర్గన్ పోయిన చోట గచ్చు కొత్తగా, చుట్టూ ఉన్న గచ్చు కన్నా ఎర్రగా కనబడింది. వరహాలమ్మ సాయంత్రాలు వచ్చి అక్కడే చాప వేసుకుని కూర్చునేది. ఒక్కోరోజు ఇద్దరూ దీపం పెట్టేవేళదాకా కూర్చుని లేచేవారు.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం హెలెన్ తడుస్తూ వచ్చింది. బాగా చిక్కిపోయింది. రూతమ్మ తువ్వాలు తెచ్చిస్తే తల తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"నిన్ను క్షమించానో లేదో నాకే తెలియట్లేదమ్మా," అంది. "ఒక్కోరోజు క్షమించేశాననిపిస్తుంది. వార్డులో నాన్నలాంటి ముసలాయన్ని చూస్తే మళ్ళీ కోపం వస్తుంది. కానీ హాస్టల్లో ఒక్కదాన్నే కూర్చుని తినలేకపోతున్నాను."

"కోపం ఉంటే ఉండనీ. నేనేం తీసెయ్యమనట్లేదు," అంది రూతమ్మ. "లోపలికి రా, తడిసిపోతున్నావు."

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అన్నం ఉడికేవరకూ హెలెన్ గోడకు ఆనుకుని, తండ్రి కుర్చీ వైపు చూడకుండా కూర్చుంది. ఇద్దరూ కింద కూర్చుని తిన్నారు. పప్పులో ఉప్పు తక్కువైందని హెలెన్ అంటే రూతమ్మ లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టింది. బయట వాన గట్టిగా పడుతోంది. రాత్రి ఉంటావా అని తల్లి అడగలేదు. ఉంటానని కూతురు చెప్పలేదు.